ఊరికో డ్రయర్ పెడితే మా ధాన్యం రోడ్డెక్కదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆహార భద్రత మీద మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతుంటా. ఎరువులు, నీళ్లు, కొత్త వంగడాలు, ఎండలు, వానలు అన్నీ రాస్తారు, మంచిదే. కానీ చేలో కోత మిషన్ దిగిన రోజు నుంచి ధాన్యం మిల్లు గేటు దాటేదాకా ఉండే ఆ పది పదిహేను రోజుల గురించి ఎవరూ గట్టిగా రాయరు. మా కృష్ణా డెల్టాలో వరి రైతు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే, దేశం తినాల్సిన బియ్యం పాడయ్యేదీ అక్కడే. అందుకే ఊరికో డ్రయర్, అంటే వేడిగాలితో ధాన్యం ఆరబెట్టే మిషన్, పెట్టమని అడుగుతున్నా. నేనుండేది గుంటూరులో, మా అన్నయ్య వాళ్లు తెనాలి అవతల కౌలుకి చేస్తారు, కోతలప్పుడు నేనూ వెళ్తా కాబట్టి కళ్లారా చూసిందే రాస్తున్నా.

ఒకప్పుడు కూలీలు కోసి పనలు చేలోనే నాలుగైదు రోజులు ఆరనిచ్చి తర్వాత కుప్ప వేసేవాళ్లు, నూర్పిడి తీరిగ్గా చేసుకునేవాళ్లు, అప్పటికి గింజ దానంతటదే ఆరిపోయేది. ఇప్పుడు కూలీలు దొరకరు, దొరికినా ఆ రేట్లకి కౌలు రైతు తట్టుకోలేడు, అదే మిషన్ పెడితే ఎకరం గంటా గంటన్నరలో అయిపోద్ది. కాకపోతే మిషన్ కోసిన పచ్చి గింజలో తేమ 20 పైనే ఉంటది, మంచు పట్టినా జల్లు పడినా 25 దాకా పోద్ది. ప్రభుత్వం కొనేదేమో 17 శాతం లోపు ఉంటేనే. ఆ రూల్ తప్పని నేను అనను, తడి ధాన్యం సంచుల్లో పోసి వదిలేస్తే లోపల వేడెక్కి రంగు మారిపోద్ది, మొలక కూడా వచ్చేస్తది, అలాంటిది గోడౌన్లో ఎట్టా నిలవ ఉంటది. కానీ 17 పైన ఉన్న ఆ తేమ ఎక్కడ తగ్గించాలి, దేంతో తగ్గించాలి అంటే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం లేదు.

చేలో ఆరబెట్టడం కుదరదు, మాగాణి తడి అంత తొందరగా ఆరదు, పైగా వెంటనే మినుము చల్లాలి, లేకపోతే మొక్కజొన్న పెట్టాలి, పదును దాటితే ఆ రెండో పంట కూడా పోయినట్టే. కళ్లాలు ఎప్పుడో ఇళ్ల స్థలాలైపోయినయ్. ఇక మిగిలింది తారు రోడ్డు. డిసెంబర్లో ఒకసారి తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర, రేపల్లె వైపు వెళ్లి చూడండి, సగం రోడ్డు ధాన్యమే, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు, చీకట్లో ఆ రాళ్లు కనపడక బైకుల వాళ్లు పడి కాళ్లు చేతులు విరగ్గొట్టుకుంటారు, రైతేమో చలిలో ఆ రాశి పక్కనే టార్పాలిన్ పట్టా కప్పుకుని పడుకుంటాడు. దీనికి రోడ్డు మీద పోసిన రైతుని తిట్టేవాళ్లు ఉన్నారు, నాకు అది చాలా బాధగా ఉంటది. ఇంకెక్కడ పోయాలో వాళ్లనే చెప్పమనండి.

ఒక లెక్క చెప్తా. మన దగ్గర బస్తా అంటే 75 కేజీలు. క్వింటా ధాన్యం ఆడిస్తే మిల్లు వాళ్లు ప్రభుత్వానికి ఇవ్వాల్సింది 67 కేజీల బియ్యం, అంటే బస్తాకి సుమారు 50 కేజీలు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకి 5 కేజీలు, 2023 జనవరి నుంచి అది పూర్తిగా ఉచితం, దేశంలో 80 కోట్ల మంది దాని మీద ఆధారపడి ఉన్నారు. అంటే రోడ్డు పక్కన మొలకొచ్చిన ఒక్కో బస్తా పది మంది నెల కోటా. ఎకరాకి 30 బస్తాలు పండితే మూడొందల మంది తిండి. ఈ లెక్కలో చూస్తే డ్రయర్ అనేది రైతుకి ఇచ్చే సబ్సిడీ కిందకి రాదు, రేషన్ షాపులో లైన్లో నిలబడే వాళ్ల కోసం పెట్టే ఖర్చు.

2023లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, దేశంలో రేట్లు పెరుగుతున్నయ్, మనకే చాలకపోతే ఎట్టా అని. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో 40 శాతం దాకా మనదే కాబట్టి ఆ ఒక్క ఆర్డర్‌తో వేరే దేశాల్లో కూడా రేట్లు లేచినయ్. అంత అపురూపంగా చూసుకున్న బియ్యమే కదా, అదే ఏడాది డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లాల్లో కోసిన ధాన్యం, కోయాల్సిన ధాన్యం నీళ్లలో నానిపోయింది. బాపట్ల అంటే 1986లో సాంబ మసూరి (బీపీటీ 5204) వరి రకం విడుదల చేసిన ఊరు, దేశంలో సగం హోటళ్లలో సన్నన్నం అంటే మా బీపీటీనే గుర్తొస్తది. ఓడరేవులు మూయించేంత భయం ఉన్న ప్రభుత్వాలకి, రేవుకి పోకముందే ఊళ్లలో కుళ్లిపోయే ధాన్యం మీద అంత భయం ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు గోడౌన్లు నిండుగా ఉన్నయ్ కదా, ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యం పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి కూడా 2025లో కేజీ 22 రూపాయల 50 పైసలకి ఇచ్చారు కదా, ఇంకా భద్రత ఏంటి అనేవాళ్లూ ఉన్నారు. బియ్యం ఎక్కువున్నయ్ అనుకున్న దేశం కాస్త వానలు అటూ ఇటూ అయ్యేసరికి 2022 సెప్టెంబర్లో నూకల ఎగుమతి ఆపేసింది, ఏడాది తిరక్కుండానే తెల్ల బియ్యం కూడా ఆపేసింది. గుంటూరు వాళ్లకి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, 1832-33లో డొక్కల కరువు వచ్చింది ఈ గడ్డ మీదే, కృష్ణ మీద ఆనకట్ట కట్టింది ఆ తర్వాతే, 1855కి పూర్తయింది.

ఇక డబ్బుల సంగతి. 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369, అంటే బస్తాకి 1,777 రూపాయలు. తేమ ఎక్కువుంది అనేసరికి కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, అప్పుడే పక్కన దళారి రెడీగా ఉంటాడు, రెండొందలు మూడొందలు తగ్గించి అడుగుతాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే రైతు ఇచ్చేస్తాడు, ఇవ్వక ఏం చేస్తాడు. కౌలు మాత్రం తగ్గదు, ముందు మాట్లాడుకున్న బస్తాలు ఓనర్‌కి కొలవాల్సిందే. కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం ఓనర్ ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు, ఆ గొడవ వేరే పెద్ద లెటర్ అయిద్ది, ఇక్కడ వదిలేస్తున్నా. ఈమధ్య మావాళ్లకి కొనుగోలు డబ్బులు తొందరగానే ఖాతాలో పడ్డయ్, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఎంత తొందరగా వేసినా అసలు కొనుగోలు కేంద్రం దాకా వెళ్లగలిగిన ధాన్యానికే కదా వేసేది.

నేను అడిగేది కొత్త వింతేమీ కాదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా కూడా మనలాంటి తడి నేలే, వాళ్లు ఊక కాల్చి ఆ వేడితో ధాన్యం ఆరబెట్టే డ్రయర్లు దశాబ్దాల నుంచి వాడుతున్నారు. మన దగ్గర ఉప్పుడు బియ్యం ఆడే మిల్లుల్లోనూ డ్రయర్లు ఉన్నయ్, అవి మిల్లు వాళ్ల పనికే, రైతుకి అందుబాటులో ఉండవు. ఊక మాత్రం మన దగ్గర కొండలు కొండలుగా ఉంది. డబ్బు లేదంటారా, 2020లో కేంద్రం లక్ష కోట్లతో వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి పెట్టింది, ఊళ్లో సొసైటీలు (సహకార సంఘాలు) కూడా అందులో లోన్ తీసుకునే వీలు ఇచ్చింది, 2 కోట్ల దాకా 3 శాతం వడ్డీ తగ్గించింది. రాష్ట్రం ఇంకొంచెం చెయ్యేస్తే ప్రతి సొసైటీకి ఒక డ్రయర్, ఒక సిమెంట్ కళ్లం, తేమ చూసే మిషన్ ఒకటి వచ్చేస్తయ్. రైతు బస్తాకి ఇంతని అద్దె కట్టుకుంటాడు, ఉచితంగా ఇమ్మని ఎవరూ అడగట్లా. తేమ కొలిచేది కూడా మిల్లు దగ్గరో లెక్క, కొనుగోలు కేంద్రం దగ్గరో లెక్క కాకుండా ఒకసారి ఊళ్లో కొలిచి చీటీ ఇస్తే అదే చెల్లాలి. మావాళ్ల లోడు కేంద్రంలో ఓకే అయ్యాక మిల్లు దగ్గర మళ్లీ తేమ ఎక్కువని రెండ్రోజులు ట్రాక్టర్ నిలబెట్టారు, ఆ అద్దె ఎవరిస్తారు?

ఇంకో విషయం, కాలవలకి నీళ్లు ముందే వదలాలి. నాట్లు ఆగస్టులోకి పోతే ఐదు నెలల బీపీటీ సరిగ్గా తుపాన్ల టైములో కోతకొస్తది. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు వస్తున్నయ్ కాబట్టి జూన్‌లోనే వదిలే వీలుంది, ప్రతి ఏడాదీ అదే తారీకు పాటిస్తే రైతు నారుమడి ప్లాన్ చేసుకుంటాడు.

మీ విలేకర్లకి ఒక మనవి. కోతలు మొదలయ్యేలోపు గుంటూరు, బాపట్ల, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో ఏ సొసైటీలో పనిచేసే డ్రయర్ ఉంది, ఎక్కడ కొని మూలన పడేశారు, ఎక్కడ అసలే లేదు అనేది మండలాల వారీగా రాయండి. ఏ రైతు సేవా కేంద్రంలో ఎన్ని టార్పాలిన్ పట్టాలు రెడీగా ఉన్నయ్యో కూడా అడిగి రాయండి. మా అన్నయ్య వాళ్ల ఊళ్లో అయితే డ్రయర్ లేదు, అది నేను చూసే చెప్తున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు