మన వీధి నెట్ ఎందుకు ఆగింది, గురువారం ఏం చేస్తున్నాం

అందరికీ నమస్కారమండి. శనివారం రాత్రి నిమజ్జనం ఊరేగింపు వెళ్ళినప్పట్నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా రామాలయం వీధిలో, వెనక సందులో నెట్ లేదు. ఫోన్ చేసినోళ్ళందరికీ మా కుర్రాడు గంటలో వచ్చేస్తుందని చెప్పాడు, అట్లా చెప్పకుండా ఉండాల్సింది, క్షమించండి.

ట్రాక్టర్ మీద విగ్రహం కిరీటానికి మన మెయిన్ కేబుల్ తగులుకుంది, పిల్లలు కర్రతో పైకెత్తేలోపే బండి కదిలింది, కేబుల్ తెగిపోయింది. వాళ్ళ తప్పేం లేదు. క్లాంపులు వదులై కేబుల్ కిందికి జారిందని నాకు వేసవిలోనే తెలుసు, బిగిద్దాంలే అని వాయిదా వేసింది నేనే.

ముడేసి టేపు చుట్టేస్తే సరిపోవడానికి ఇది కరెంటు వైరు కాదండి. లోపల 12 గాజు పోగులు, ఒక్కోటీ వెంట్రుకంత. పై పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, సాఫుగా కోసి, స్ప్లైసింగ్ మెషీన్‌లో రెండు కొసలూ ఎదురెదురు పెడితే అది స్పార్కిచ్చి కరిగించి అతికిస్తుంది. మనం పోల్స్ దగ్గర లూప్, అంటే అదనపు కేబుల్ చుట్ట, వదల్లేదు కాబట్టి లాగడానికి కేబుల్ మిగల్లేదు, మధ్యలో కొత్త ముక్క వెయ్యాల్సొచ్చింది, అంటే అటు 12 ఇటు 12, మొత్తం 24 అతుకులు. ఆదివారమంతా ముసురు, గొడుగు పట్టుకుని చేస్తుంటే తొమ్మిదో పోగు మూడుసార్లు ఫెయిలైంది. ఆ ఒక్క పోగు మీదే కప్లర్ (పోగులో వచ్చే వెలుగుని పంచేది) పెట్టి సందులో 8 ఇళ్ళకి ఇచ్చాం. చివరింట్లో వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 28 చూపించింది, మామూలుగా మైనస్ 20 దగ్గరుండాలి, అంటే వెలుగు బాగా తక్కువ, అందుకే వాళ్ళ నెట్ డబ్బాలో ఎర్రలైటు కొట్టుకుంటానే ఉంది. సోమవారం ఎండొచ్చాక మళ్ళీ అతికిస్తే గానీ ఆరలేదు.

గురువారం ఆ లైనంతా మార్చేస్తున్నాం. కొత్త కేబుల్లో బలానికి వేసే స్టీలు తీగ ఉండదు, దాని బదులు ఫైబర్ ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది, ఖర్చు ఎక్కువే గానీ గాలివానకి కరెంటు తీగ తెగి మీద పడ్డా స్టీలు లాగా కరెంటుని లాక్కురాదు, నాకు అదే ముఖ్యం. ఈసారి ఎత్తు పెంచి కడతాం, ప్రతి మూడో పోల్ దగ్గర 10 మీటర్లు చుట్ట చుట్టి వదుల్తాం. దయచేసి డాబా మీద మన కేబుల్‌కి బట్టలు ఆరెయ్యకండి, వంగితే లోపల గాజు విరుగుద్ది.

ఆ రెండు వీధులోళ్ళకి ఈ నెల బిల్లులో వారం డబ్బులు తగ్గిస్తున్నా, ఎవరూ అడగక్కర్లేదు. గురువారం పొద్దున 10 నుంచి 4 దాకా నెట్ ఆగి ఆగి వస్తుంది. పిల్లలకి ఆన్‌లైన్ పరీక్షలుంటే బుధవారమే చెప్పండి, మీ ఇంటి వైరు ఆఖర్న మారుస్తాం.