ఏరోపోనిక్స్‌కు పంపు ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల్లో ఏరోపోనిక్స్ (మట్టి లేకుండా, గాలిలో వేలాడే వేర్లకు పోషకాల నీటిని తుంపరగా చల్లి మొక్కలు పెంచే పద్ధతి) మొదలుపెట్టేవారిలో చాలామంది పంపు మీద పెట్టే శ్రద్ధ ప్రెషర్ ట్యాంకు (నొక్కి ఉంచిన గాలి బలంతో నీటిని బయటకు నెట్టే ట్యాంకు) మీద పెట్టడం లేదు. వేర్లకు సన్నని తుంపర అందాలంటే నాజిల్ (తుంపర చిమ్మే సన్నని మూతి) వద్ద 80 నుంచి 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం నిలకడగా ఉండాలి. ఆర్‌ఓ ఫిల్టర్లలో వాడే చిన్న డయాఫ్రం పంపు ఆ పీడనాన్ని ఇవ్వగలిగినా, ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ పీడనం పుంజుకునేలోపు పెద్ద చుక్కలే పడతాయి. లోపల రబ్బరు సంచి ఉన్న ట్యాంకు, నాజిళ్లకు దగ్గరగా సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. పైగా కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో వాల్వును నడిపిస్తూ వేర్లు ఎండిపోకుండా కాసేపు కాపాడుకోవచ్చు (మన వేసవి కరెంటు కోతలకు ఇదే అసలు ప్రయోజనం). అయితే ఖాళీగా ఉన్నప్పుడు లోపలి గాలి పీడనాన్ని 78 పీఎస్‌ఐకి సరిచేసుకున్న 24 లీటర్ల ట్యాంకు నుంచి పైన చెప్పిన 80–100 హద్దుల మధ్య వాడకానికొచ్చేది సుమారు 4 లీటర్లే. విక్రేతలు ఈ లెక్క కూడా చెప్పి అమ్మాలని మనవి.

– ఒక మిద్దెతోట సాగుదారు, హైదరాబాద్