కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024–25), నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పార్కులో లైట్లు మార్చాం, దోమల మందు కొట్టించాం, మురుగు కాలువల్లో పూడిక తీయించాం. జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ నోటీసు బోర్డులో ఉంది. మీటింగుల్లో ఎక్కువ వాదన జరిగింది మాత్రం సంచుల మీదే కాబట్టి, ఆ సంగతి వివరంగా రాస్తున్నాం.

పూడికలో మట్టి కన్నా కవర్లే ఎక్కువ వచ్చాయి. మన ఊరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వాయుగుండం పట్టిందంటే చాలు, కాలువ ఎక్కడ పూడుకుందోనని టెన్షన్. అందుకే సంఘం డబ్బుతో కాగితం సంచులు కొని ఇంటింటికీ పంచుదామని కొందరు సభ్యులు అడిగారు. కమిటీ ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పాలి.

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో పల్చటి కవరు బరువు సుమారు 8 గ్రాములు, కాగితం సంచిది 55 గ్రాములు. అంత గుజ్జు తయారుచేసి ఆరబెట్టాలంటే నీళ్లూ, కరెంటూ కావాలి. మోయడానికి డీజిల్ కావాలి. భూమి వేడెక్కడం ఒక్కటే లెక్కేస్తే, ఒకసారి వాడి పారేసే కవరుతో సమానం కావడానికి కాగితం సంచిని 3 సార్లు, నాన్‌వోవెన్ సంచిని (పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే రకం) 11 సార్లు, కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. రొయ్యలు పోస్తే కాగితం సంచి మొదటిసారే ఇంటిదాకా రాదు, ఇక మూడోసారి ఎక్కడ?

అలాగని కవరే నయం అనుకోకండి. చెత్తగా పారేసిన సంచి చేసే చేటు ఆ లెక్కలో లేదు. కాగితం నానితే కొన్ని వారాల్లో కుళ్లిపోతుంది. ప్లాస్టిక్ చిన్న ముక్కలై మట్టిలో ఉండిపోతుంది, లేదా వాన నీళ్లతో సముద్రంలో కలుస్తుంది. పైగా 120 మైక్రాన్ల (అంటే 0.12 మిల్లీమీటర్ల) కన్నా పల్చటి కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. అంగళ్లలో ఇంకా ఇస్తున్నారు, మనమూ తీసుకుంటున్నాం.

తాంబూలం సంచుల సంగతీ చెప్పాలి. పెళ్లిళ్లలో పంచే రంగుల నాన్‌వోవెన్ సంచి చూడటానికి గుడ్డలా ఉంటుంది గానీ అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఏ ఇంట్లో చూసినా తలుపు వెనక కుప్పగా ఉంటాయి. వాటిని పారేయకుండా, చిరిగేదాకా వాడుకోవడమే మేలు.

అందుకని కొత్త సంచులేవీ కొనలేదు. పాత బట్టలతో కాలనీలోని టైలర్ల చేత గుడ్డ సంచులు కుట్టించాం, కుట్టుకూలి సంఘమే ఇచ్చింది. చేపలకు, మాంసానికి స్టీలు డబ్బా తీసుకెళ్లమన్నాం. కొందరే పాటిస్తున్నారు. హోటల్ పార్సిళ్లలో వేడి సాంబారు కవర్లో కట్టివ్వడాన్ని మాత్రం ఆపించలేకపోయాం, వచ్చే ఏడాది మళ్లీ మాట్లాడతాం.

కుట్టుపని ఇంకా నడుస్తోంది. పాత ప్యాంట్లు, దుప్పట్లు ఉంటే సంఘం ఆఫీసులో ఇవ్వండి. చీరలు మాత్రం ఇప్పటికే చాలా వచ్చాయి, ప్రస్తుతానికి తేవద్దు.

ఇట్లు,
కార్యదర్శి