క్రూయిజ్ ఎప్పుడు ఆపాలో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త కారు అప్పగించేటప్పుడు అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ (మనం పెట్టిన వేగాన్ని, ముందు బండితో మనం పెట్టిన దూరాన్ని కారే చూసుకునే ఏర్పాటు) ఏ బటన్‌తో మొదలవుతుందో షోరూములలో చక్కగా చూపిస్తున్నారు. అది ఎక్కడ పనికిరాదో మాత్రం చెప్పడం లేదు. నేను బెంగళూరు మారతహళ్లిలో మహిళలకు డ్రైవింగ్ నేర్పుతాను. లైసెన్సు ఉన్నా హైవే భయం పోగొట్టుకోవడానికి వచ్చేవారిలో హిందూపురం, అనంతపురం, కర్నూలు వైపు వారే ఎక్కువ. పండగలకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సొంత ఊరికి వెళ్లాలన్నది వారి కోరిక. ‘ముందు బండి ఉంటే మన కారు దానంతటదే ఆగుతుందట కదండీ’ అని వారు ధీమాగా అంటుంటే నాకు గుండె గుభేలుమంటుంది.

ఆ మాట సగమే నిజం. ముందు వెళ్తున్న బండి నెమ్మదిస్తే మన కారూ నెమ్మదిస్తుంది. చాలా కొత్త కార్లు దాని వెనకే పూర్తిగా ఆగుతాయి కూడా. అప్పటికే ఆగి ఉన్న బండి సంగతి వేరు. కారు ముందు భాగంలో ఉండి, ఎదుట ఉన్నవాటిని పసిగట్టే రాడార్‌కు సూచిక బోర్డులు, వంతెన గోడలు, డివైడర్ మీది రెయిలింగులు అన్నీ కదలని వస్తువులే. కనిపించిన ప్రతిదానికీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు. అందుకే చాలా కార్లలో వేగంగా వెళ్లేటప్పుడు కదలని వాటిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే ఏర్పాటు ఉంటుంది. కెమెరా తోడైతే కొంత మేలు, అంతే. ఈ హెచ్చరిక కారు మాన్యువల్‌లోనే ఉంటుంది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో దాన్ని వెతికి చదివేదెవరు?

బాగేపల్లి దాటి కొడికొండ వైపు రాత్రిపూట వెళ్తున్నామనుకోండి. మనం పెట్టిన వేగం 100. ముందున్న లారీ 80లో పోతుంటే కారు బుద్ధిగా దాని వెనకే నడుస్తోంది. ఎడమ లేనులో వేరుశనగ బస్తాల ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. లారీ డ్రైవరు దాన్ని చూసి పక్కకు తప్పుకున్నాడు. మన కారుకు అర్థమైనది ఒకటే, అడ్డం తొలగింది, దారి ఖాళీ. వెంటనే 100 అందుకోవడానికి వేగం పెంచుతుంది! ఆ వేగంలో సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం. బ్రేకు మీద కాలు పెట్టాల్సింది మనమే, అదీ ఆ క్షణంలోనే. ఢీకొట్టబోతుంటే కారే వేసుకునే అత్యవసర బ్రేకు ఉంది కదా అంటారు. అది వేరే ఏర్పాటు, దానికీ హద్దులున్నాయి. ఇక ఊళ్ల దగ్గర డివైడర్ సందుల్లోంచి ఎదురొచ్చే మోటారు సైకిళ్ల విషయంలో ఈ క్రూయిజ్‌ను నమ్మనే కూడదు.

ఈ సౌకర్యం మీద నాకు కోపం లేదు. మైసూరు వేగమార్గం ప్రధాన దారిలోకి 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లను రానివ్వడం లేదు. అలాంటి చోట ఇది కాలికి మంచి విశ్రాంతి, వేగం కూడా హద్దులో ఉంటుంది. కానీ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆటోలు దూరకూడదని ముందు బండితో దూరాన్ని అతి తక్కువకు పెట్టుకుని వెళ్లేవారిని చూస్తుంటే బాధేస్తుంది. కారు మనకు ఇచ్చిన రక్షణే ఆ దూరం.

ఇంకొకటి. బంపరు మార్చినా, రాడార్ ముందు ఇనుప గార్డు బిగించినా అది సరిగా చూడలేకపోవచ్చు. రిపేరు తర్వాత దాన్ని మళ్లీ సరిచేయించారా అని వీధి చివరి గ్యారేజీలో అడిగినవారిని నేను చూడలేదు.

కారు అప్పగించే రోజున కొన్నవారిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద ఒక అరగంట తిప్పి, ఇది ఏది చూడదో తెలుగులోనో కన్నడంలోనో చెప్పడం కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. రవాణా శాఖ దాన్ని తప్పనిసరి చేయాలి. మీ పత్రికకూ ఒక విన్నపం. కొత్త కార్ల పరిచయాల్లో ధర, మైలేజీ వేస్తుంటారు. ఆగి ఉన్న వాహనాల గురించి ఆ కారు మాన్యువల్ ఏమని హెచ్చరిస్తోందో, ఆ వాక్యాన్ని కూడా తెలుగులో ప్రచురించండి.

– ఒక డ్రైవింగ్ శిక్షకురాలు, మారతహళ్లి, బెంగళూరు