చేతిలో ఉన్న పనికి క్రెడిట్ ఇవ్వండి: తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది జగిత్యాల జిల్లా. ఐటీఐలో చాలా ఏళ్లు వెల్డింగ్ చెప్పి రిటైరయ్యాను. మా దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని ఇల్లు వెతకాల్సిందే. పోయినవాళ్లు నలభై దాటాక తిరిగొస్తున్నారు. వాళ్ల గురించే ఈ ఉత్తరం.

మొన్న ఎండాకాలం ఒకతను నా దగ్గరికొచ్చాడు. పద్నాలుగేళ్లు దుబాయ్‌లో, ఖతార్‌లో పైపు వెల్డర్‌గా చేశాడు. చదువు తొమ్మిది దాకా. ఇక్కడ సూపర్‌వైజర్ పనికి పోతే సర్టిఫికెట్ అడిగారట. సర్టిఫికెట్ కోసం పోతే, ఏడాది కోర్సు మొత్తం కూర్చోవాలన్నారట. "పొద్దంతా క్లాసులో కూర్చుంటే ఇల్లెట్ల గడుస్తది సార్?" అన్నాడు.

తెలిసిన షాపుకు తీసుకుపోయాను. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, కదపకుండా చుట్టూ వెల్డ్ చేయమన్నాను. మేం సిక్స్ జీ అంటాం, చేయి తిరిగినవాళ్లకే వస్తుంది. అతను హోల్డర్ పట్టుకోకముందే రాడ్ల డబ్బా చూసి, "ఈ 7018లు ఓవెన్‌లో పెట్టారా సార్?" అని అడిగాడు. ఆ రాడ్లు తేమ పీలిస్తే లోపల పగుళ్లొస్తాయి, పైకి కనబడవు. ఆ జాగ్రత్త అలవాటు చేయడానికి నేను పిల్లలతో నెలలు తిప్పలు పడేవాణ్ణి. వెల్డ్ చక్కగా వచ్చింది. తర్వాత డ్రాయింగ్ ఇస్తే మాత్రం గుర్తులు సగమే చదివాడు. మెటీరియల్ లెక్క కట్టమంటే తడబడ్డాడు. అతనికి నేర్పాల్సింది ఆ రెండే. వాటికి ఏడాది ఎందుకండీ?

దారులు లేవని కాదు. ప్రైవేటుగా పరీక్ష రాసే వీలుంది కానీ, థియరీ పేపర్ దగ్గరే ఆగిపోతారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో అనుభవానికి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ ఉంది. అది తెచ్చుకున్న ఒకరు కోర్సులో ఒక్క నెల తగ్గించమని అడిగితే, ఐటీఐ వాళ్లు కుదరదన్నారు. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ అనే కేంద్ర పద్ధతి, నేర్చుకున్నదాన్ని క్రెడిట్లలో కొలుస్తుంది: 30 గంటలకు ఒక క్రెడిట్, ఏడాదికి 40 క్రెడిట్లు. మదింపు చేశాక అనుభవాన్నీ అందులో కలపొచ్చంటుంది. ఆ మాట మా ఐటీఐ గేటు దాకా రాలేదు.

అందుకే అడుగుతున్నాను. పెద్దవాళ్ల కోర్సు మొదటి రోజు పాఠంతో కాదు, పని చేయించి చూడటంతో మొదలుకావాలి. ప్రశ్నలు తెలుగులో నోటితో అడగాలి. కంపెనీ లెటర్లు, టెస్టు కాగితాలు ఉంటే చూడండి. లేకపోతే పనే సాక్ష్యం. వచ్చినదానికి క్రెడిట్ వేసి, రానిదే నేర్పాలి. ఆదివారాలు, రాత్రిపూట క్లాసులు పెట్టాలి. నాట్లకో, మళ్లీ గల్ఫ్‌కో పోతే అప్పటిదాకా వచ్చిన క్రెడిట్లు పోకూడదు. కుట్టుపని చేసే ఆడవాళ్లకైతే మధ్యాహ్నం రెండు గంటలు నయం.

ఊరికే ఇవ్వమనడం లేదు. వెల్డ్ విరిగితే ప్రాణాలు పోతాయి, పరీక్ష గట్టిగానే పెట్టండి. సర్టిఫికెట్ లేనివాళ్లకూ ఎంట్రన్స్ పెట్టి డిగ్రీలో చేర్చుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలోనే మొదటిది, 1982లో మన దగ్గరే పుట్టింది. అప్పుడు అంత ధైర్యం చేసినవాళ్లం, ఇప్పుడు ఇది చేయలేమా?

ముందు మా జిల్లాలో ఒక్క ఐటీఐలో, ఒక్క వెల్డింగ్ ట్రేడులో మొదలుపెట్టండి. పని చూసి మార్కులు వేయడానికి నాలాంటి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్లం ఉన్నాం. కబురు పెడితే వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్,
జగిత్యాల జిల్లా