కారానికి కారే ముక్కు జలుబు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం ముక్కు కారడాన్నీ, తుమ్ములనూ, దిబ్బడనూ ఒకే గాటన కట్టి అన్నిటికీ ఎలర్జీయే మూలమన్నట్టు చెప్పింది. ముక్కు లోపలి పొరలో నాడులు వదిలే రసాయనాల ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

గుంటూరువాణ్ణి కనుక మిరపకాయతోనే మొదలుపెడతాను. కారంలోని క్యాప్సైసిన్ నోటిలోనూ ముక్కులోనూ ఉండే త్రిధార నాడి (ముఖంలోని స్పర్శ, నొప్పి కబుర్లు మోసే నాడి) కొసలపై ఒక గ్రాహకాన్ని, అంటే ఆ రసాయనాన్ని పసిగట్టే ప్రోటీన్‌ను, తాకుతుంది. 1997లో దాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ కొసలు మంట కబురును మెదడుకు చేరవేయడమే కాక, తమలో నిల్వ ఉన్న సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్లను (చిన్న ప్రోటీన్ తునకలను) అక్కడికక్కడే వదిలి రక్తనాళాలను వెడల్పు చేయగలవు. మెదడు నుంచి తిరిగి వచ్చే ఆజ్ఞ మన ప్రమేయం లేకుండా పనిచేసే పరసహానుభూత నాడుల చివర, కబురు మోసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌గా విడుదలై గ్రంథుల చేత నీరు కార్పిస్తుంది. ఆవకాయ అన్నం తింటూ ముక్కు తుడుచుకునేవారికి ఎలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్‌ను అడ్డుకునే ఎలర్జీ బిళ్ల కంటే, ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే ఇప్రట్రోపియం స్ప్రే నయంగా పనిచేసేది అందుకే.

దిబ్బడ సంగతి వేరు. చీమిడి అడ్డుపడటమే దిబ్బడ అని చాలామంది అనుకుంటారు గానీ, ముక్కు లోపలి పొరలోని సిరలు రక్తంతో ఉబ్బడం అందులో ప్రధానం. మామూలుగా వాటిని బిగించి ఉంచేవి, పై నాడులకు జోడీగా ఉండే సహానుభూత నాడులు వదిలే రసాయనాలైన నార్‌ఎడ్రినలిన్, న్యూరోపెప్టైడ్ వై. మనం వేసుకునే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు నార్‌ఎడ్రినలిన్ చేసే పనినే అరువుకు చేస్తాయి. అందుకే నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది; అదే మందు వారాల తరబడి వాడితే చుక్క ప్రభావం తగ్గిన ప్రతిసారీ సిరలు మళ్లీ ఉబ్బి, దిబ్బడకు మందే కారణమవుతుంది. నేను స్వయంగా నాలుగు నెలలు ఆ సీసాను దిండు కింద పెట్టుకుని పడుకున్నవాణ్ణి. డాక్టరు చీటీ అడగకుండా అమ్మిన దుకాణదారు గానీ, చదువుకున్న నేను గానీ సీసా మీది సన్నటి ఇంగ్లిషు అక్షరాలను పట్టించుకోలేదు.

మూడు నుంచి ఐదు రోజులకు మించి ఈ చుక్కలు వాడరాదన్న హెచ్చరికను మీ పుటలో పెద్ద అక్షరాలతో వేయవలసిందిగానూ, ముక్కు కారడానికీ దిబ్బడకూ మందులు ఎందుకు వేరో నిపుణుల చేత రాయించవలసిందిగానూ కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు