ఆస్ట్రేలియా పేరు చెప్పి కుక్కలకు విషం పెట్టకండి

సంపాదకుల వారికి,

వీధి కుక్కల మీద మీ పేజీలో వస్తున్న ఉత్తరాలు ఆన్‌లైన్‌లో చదువుతున్నాను. "ఆస్ట్రేలియాలో విషం పెట్టి చంపుతారు, మనకే ఎందుకీ మొహమాటం" అని ఒకాయన రాశారు. నేనుండేది అక్కడే, న్యూ సౌత్ వేల్స్‌లో టామ్‌వర్త్ దగ్గర, చుట్టూ గొర్రెల ఫారాలు. ఆయన చెప్పింది సగమే. మిగతా సగం కూడా చెప్పకపోతే ఆ మాట పట్టుకుని ఎవరైనా నిజంగానే పెట్టేస్తారేమోనని భయమేసి రాస్తున్నాను.

ఇక్కడ విషం పెట్టేది వీధి కుక్కలకు కాదు. డింగోలనే ఇక్కడి అడవి కుక్కలకు, అవి పెంపుడు కుక్కలతో కలిస్తే పుట్టిన సంకరాలకు. అవి మంద మీద పడ్డాయంటే తినేది ఒకటైతే చీల్చి పడేసేవి పది. మా తాత గొర్రెలు కాచిన మనిషి, రైతు కడుపుమంట నాకు తెలియక కాదు. వీటిని ఆపడానికే సుమారు 5,600 కిలోమీటర్ల కంచె కట్టుకున్న దేశమిది.

ఆ విషాన్ని టెన్ ఎయిటీ అంటారు. మాంసం ముక్కలో 6 మిల్లీగ్రాములుంటే చాలు, దానికి విరుగుడు లేదు. అందుకే పెట్టేవాళ్లకి ట్రైనింగ్ ఉండాలి, ఇరుగుపొరుగుకి కనీసం 72 గంటల ముందు చెప్పాలి, గేట్ల దగ్గర విషం పెట్టామని బోర్డులు కట్టాలి, అవి నాలుగు వారాల దాకా తీయకూడదు.

ఇంత చేసినా పోయినేడు మా పక్క ఫారం ఆయన కుక్క చచ్చిపోయింది. గొర్రెలు తోలే కెల్పీ జాతిది. ఎక్కడో పెట్టిన ముక్కని కాకి ఎత్తుకొచ్చి వీళ్ల దొడ్లో పడేసి ఉంటుందని ఆయన అనుమానం. పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నం వాంతి చేసుకుంది, ఆ తర్వాత ఊళ పెడుతూ కంచె వెంబడి అటూ ఇటూ ఒకటే పరుగు, ఆయన పిలుస్తుంటే ఆ గొంతు కూడా గుర్తుపట్టలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే దారిలోనే, ట్రక్కు వెనకాల ఫిట్స్‌తో పోయింది. 2016 నుంచి విరుగుడున్న వేరే విషం కూడా వాడుతున్నారు గానీ అది ఎంత త్వరగా పనిచేస్తుందంటే, డాక్టర్ పక్కింట్లో ఉంటే తప్ప ఆ విరుగుడు అందదు.

ఇప్పుడు మన వీధులు తలుచుకోండి. బోర్డు ఎక్కడ కడతారు? ఎవరికి ముందు చెబుతారు? మాంసం ముక్కకి ఇది వీధి కుక్క, ఇది పక్కింటి వాళ్ల టామీ అని తెలుస్తుందా? పిల్లులు, కాకులు, గేటు తీయగానే పరిగెత్తే పెంపుడు కుక్కలు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలు, అందరూ తిరిగేది ఆ సందులోనే కదా. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు మీద కుక్కలు పడిన వీడియో చూసి నాకూ నిద్ర పట్టలేదు, కోపం రాకుండా ఎలా ఉంటుంది. కానీ దానికి చేయాల్సింది కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు, చికెన్ షాపుల చెత్త రోజూ ఎత్తడం. ఇవన్నీ ఖర్చు, ఓపిక. విషం చవక, అదీ అసలు సంగతి.

మా పక్క ఫారం గేటుకి ఈ వారం మళ్లీ బోర్డు కట్టారు. మా లాబ్రడార్‌ని బయటికి తీసుకెళ్లాలంటే మూతికి బుట్ట తగిలించాలి. అచ్చం ఎద్దుకి చిక్కం కట్టినట్టే ఉంటుంది, మా ఆవిడ నవ్వుతూనే దాని బకిల్ రెండుసార్లు లాగి చూస్తుంది.

- ఒక పాఠకుడు, టామ్‌వర్త్, ఆస్ట్రేలియా